చిన్న బోర్డు మీద సింథ్ చిటపటలాడుతుంటే ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

పోయిన కార్తీకంలో మా ఊరి భజన మండలి హార్మోనియం తిత్తి చినిగిపోయింది. మాది నల్లగొండకు దగ్గరి ఊరే అయినా బాగుచేసే మనిషి దొరకలేదు. నా దగ్గర ఊరికే పడి ఉన్న రాస్ప్‌బెర్రీ పై-3 బోర్డుకు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) ఒక మిడి కీబోర్డు (ఏ మీట నొక్కామో కంప్యూటర్‌కు చెప్పేది) తగిలించి, శబ్దం పుట్టించే ప్రోగ్రాం, అంటే సింథ్, పెట్టి హార్మోనియం శబ్దం వేసి ఇచ్చాను. మొదటి పాట బాగానే నడిచింది. రెండో పాట చరణంలోకి వచ్చేసరికి బాక్సుల్లో టిక్కుటిక్కుమని చప్పుడు. వాయించే కాక పాట అయ్యాక నా వైపు తిరిగి, "కొడుకా, నేను నొక్కినంక జరసేపటికి వస్తుంది సప్పుడు. మళ్ల ఈ మక్కలు ఏగినట్టు చిటపట ఏంది?" అన్నాడు.

ఆయన అడిగింది రెండు వేర్వేరు జబ్బుల గురించి. ఒకటి ఆలస్యం, రెండోది చిటపట. తెలిసిన వాళ్లను అడిగితే అందరూ ఒకటే మాట: "పై-5 కొను, అంతా సెట్ అయిపోతుంది." నేనూ కొనబోయాను. కొనకపోవడమే మంచిదైంది. స్పీడు బోర్డు కొనాల్సిన రోజు రావచ్చు, కాని అది వరుసలో చివరిది. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి నాలుగైదు ఉన్నాయి. వాటిలో సగం పైసా ఖర్చు లేనివి.

మొదట ఈ ఆలస్యం ఎక్కడ పుడుతుందో చూద్దాం. స్లాబు పోసేటప్పుడు చూసే ఉంటారు. కింద మిల్లర్ దగ్గర తట్టలు నింపుతారు, కూలీలు వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ పైకి అందిస్తారు, పైన మేస్త్రీ గుమ్మరించుకుంటాడు. సింథ్ కూడా ఇంతే. ప్రాసెసర్ తట్టలు నింపుతుంది, సౌండ్ కార్డు పైన మేస్త్రీ. కాకపోతే ఈ మేస్త్రీ క్షణం కూడా ఆగడు. తట్ట అందకపోతే ఖాళీ చేతులతోనే విసురుతాడు. ఆ ఖాళీయే మనకు వినపడే టిక్కు. వరుస పొడుగ్గా ఉంటే కింద మిల్లర్ కాసేపు ఆగినా పైన పని ఆగదు, కాని ఇప్పుడు నింపిన తట్ట పైకి చేరడానికి చాలాసేపు పడుతుంది. అదే ఆలస్యం. వరుస కురచ చేస్తే తట్ట వెంటనే చేరుతుంది, కింద కన్ను మూసి తెరిచేంత తడబాటు వచ్చినా పైన టిక్కుమంటుంది.

సెట్టింగుల్లో పీరియడ్ సైజు అని కనపడేది తట్ట సైజు. పీరియడ్ల సంఖ్య వరుసలో ఉన్న తట్టలు. రెండూ గుణించి శాంపిల్ రేటుతో, అంటే సెకనుకు ఎన్ని శాంపిళ్లు (శబ్దపు ముక్కలు) పోతాయో ఆ అంకెతో, భాగిస్తే ఆలస్యం తేలుతుంది. 128 శాంపిళ్ల తట్టలు 3, రేటు 48000 అయితే 8 మిల్లీసెకన్లు. 256వి 2 అయితే పదకొండుకు కొంచెం తక్కువ. 1024వి 2 పెడితే 43 దాకా పోతుంది, అక్కడ మాత్రం ఎవరికైనా తెలిసిపోతుంది. నేను వాడిన సింథ్ పేరు ఫ్లూయిడ్‌సింథ్. దాన్ని లినక్స్‌లో ఏమీ ముట్టుకోకుండా నడిపితే 64 శాంపిళ్లవి 16 తట్టలు పెడుతుంది. 44100 రేటు మీద అది 23 మిల్లీసెకన్లు. కాకకు లేటుగా వినపడింది సగం ఇందుకే.

మిగతా సగం గాలిలో ఉంది. శబ్దం సెకనుకు 340 మీటర్ల చిల్లర పోతుంది, అంటే పది మిల్లీసెకన్లకు మూడున్నర మీటర్లు. మా గుడిలో బాక్సులు స్తంభాల దగ్గర ఉండేవి, కాక కూర్చునేది అవతలి మూలన. దూరం ఏడు మీటర్లు. బోర్డు ఎంత తొందరపడ్డా ఆ ఇరవై మిల్లీసెకన్లు ఎవరూ తగ్గించలేరు. ఒక చిన్న బాక్సు తెచ్చి ఆయన మోకాలి పక్కన పెట్టాను. అప్పటిదాకా నేను చేసిన అన్ని మార్పుల కంటే ఆయనకు బాగా తెలిసింది అదే. అందుకే మూడు మిల్లీసెకన్లకు దించాలని నిద్ర పాడుచేసుకోకండి. పాటకు తోడు వాయించేవాళ్లకు 8 నుంచి 12 మధ్య ఉంటే చాలు. తబలా, డప్పు శబ్దాలు వేళ్లతో కొట్టేవాళ్లకు మాత్రం ఇంకొంచెం తక్కువ ఉంటే నచ్చుతుంది.

శబ్దం బయటికి వచ్చే దారి

పై-3, పై-4 బోర్డుల మీద ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంటుంది. అది నిజమైన సౌండ్ కార్డు కాదు, పల్సులు వెడల్పు కుదించి పెంచి శబ్దంలా చేసే ఏర్పాటు. పరీక్షకు పనికొస్తుంది. పెద్ద బాక్సులకు తగిలిస్తే వెనక బుస్సుమనే శబ్దం పాట మధ్య ఖాళీల్లో బయటపడుతుంది. పై-5కు, అన్నిటికంటే చిన్నదైన జీరో 2 డబ్ల్యూ బోర్డుకు అసలు ఆ రంధ్రమే లేదు. బ్లూటూత్ స్పీకర్ మాట ఎత్తకండి, వంద మిల్లీసెకన్లు సులువుగా దాటిపోతుంది.

నిజంగా ఎంచుకోవాల్సింది రెండింటి మధ్య. ఒకటి యూఎస్‌బీ సౌండ్ కార్డు, ఇంకోటి బోర్డు నెత్తిన పిన్నుల మీద కూర్చునే ఐ2ఎస్ కార్డు. హైఫైబెర్రీ లాంటి పేరున్నవి ఉన్నాయి, పీసీఎం5102 చిప్‌తో వచ్చే చిన్న మాడ్యూళ్లు కూడా ఉన్నాయి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి పోతే ఇలాంటి సామాను చేతితో పట్టుకుని చూసి తెచ్చుకోవచ్చు. ఐ2ఎస్ కార్డుకు ప్రాసెసర్ నుంచి నేరుగా తీగ పోతుంది కాబట్టి కురచ వరుసలతో కూడా నిలకడగా పనిచేసుకుంటుంది.

పై-3 ఉన్నవాళ్లకు నా సలహా ఐ2ఎస్ కార్డే. కారణం ఉంది. ఆ బోర్డు మీద నాలుగు యూఎస్‌బీ రంధ్రాలు కనపడతాయి గాని వెనక ఉన్న దారి ఒక్కటే, ఈథర్‌నెట్ కూడా అందులోనుంచే పోతుంది. కీబోర్డు, సౌండ్ కార్డు, పెన్‌డ్రైవ్ అన్నీ ఒకే ఇరుకు సందులో తోసుకుంటాయి. శబ్దాన్ని పిన్నుల మీదికి మార్చగానే సందు ఖాళీ అవుతుంది. పై-4 నుంచి ఈ ఇబ్బంది లేదు, అక్కడ యూఎస్‌బీకి వేరే దారి ఇచ్చారు. పై-4, పై-5 ఉన్నవాళ్లు యూఎస్‌బీ కార్డు కొనుక్కోవడమే మేలు. రాత్రి ఎనిమిదింటికి స్టేజీ మీద అది పాడైతే పక్క ఊరి కుర్రాడి దగ్గర ఇంకోటి అడిగి తగిలించవచ్చు. నెత్తిన కార్డు పాడైతే ఆ రాత్రికి ఇక ఏమీ చేయలేరు. జాతర దుమ్ములో విప్పి ఉంచిన పిన్నుల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఒక మాట. ఈ చిన్న కార్డులేవీ బాక్సును నేరుగా మోగించలేవు. మిక్సర్‌లో లైన్ ఇన్‌పుట్‌కే ఇవ్వాలి, మైకు రంధ్రంలో పెడితే గరగరే మిగులుతుంది.

ఏ సింథ్?

చిటపట ఎక్కువసార్లు ఇక్కడే పుడుతుంది, జనం మాత్రం బోర్డును తిడతారు.

ఫ్లూయిడ్‌సింథ్ ముందే రికార్డు చేసిన శబ్దాలను, అంటే సౌండ్‌ఫాంటును వాయిస్తుంది. దానికి జ్ఞాపకశక్తి (ర్యామ్) ఎక్కువ కావాలి, లెక్కలు తక్కువ. జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్‌ఎక్స్, దాని నుంచి చీలి వచ్చిన యోషిమి శబ్దాన్ని అప్పటికప్పుడు లెక్కగట్టి పుట్టిస్తాయి. జ్ఞాపకశక్తి తక్కువ చాలు, ప్రాసెసర్ మాత్రం చెమటోడుస్తుంది. భజన, పద్య నాటకం, పెళ్లి పాటలు, చర్చి పాటలు వాయించేవాళ్లకు హార్మోనియం, పియానో, వేణువు, తీగ వాయిద్యాలే కావాలి కాబట్టి ఫ్లూయిడ్‌సింథ్ సరిపోతుంది. కొత్త రకం శబ్దాలు తయారుచేసుకోవాలనే పిచ్చి ఉన్నవాళ్లకే జిన్.

మా గుడిలో రెండో పాటకే ఎందుకు చిటపట వచ్చిందో తర్వాత కూర్చుని చూస్తే అర్థమైంది. కాక పాదం పెడల్ మీదే ఉంది. పెడల్ నొక్కి ఉంచితే వేలు తీసిన స్వరం కూడా ఆగదు, వెనక మోగుతూనే ఉంటుంది. దాని మీద కొత్త స్వరాలు చేరుతాయి. ఫ్లూయిడ్‌సింథ్ మామూలుగా 256 స్వరాల దాకా ఒకేసారి మోయడానికి ఒప్పుకుంటుంది. పై-3కు అది గాడిద మీద లారీ లోడు. ఈ స్వరాల హద్దును, అంటే పాలిఫోనీని, 64కు దించాను. పదివేళ్లతో వాయించినా ఎవరికీ తేడా తెలియలేదు. తర్వాత రివర్బ్ (ప్రతిధ్వని), కోరస్ (ఒక స్వరం గుంపుగా వినపడేలా చేసేది) రెండూ తీసేశాను. మిక్సర్‌లో రివర్బ్ ఎలాగూ ఉంది, గుడి గోడలే ఇంకొంత ఇస్తాయి. శాంపిళ్ల మధ్య ఖాళీలను పూరించే ఇంటర్‌పొలేషన్‌ను నాలుగు నుంచి ఒకటికి దించడం ఇంకో మార్గం. పై స్థాయి స్వరాల్లో కొంచెం గరుకుదనం వస్తుంది, హార్మోనియం శబ్దానికి అది చెవిన పడదు, వేణువుకు పడుతుంది. అందుకని దాన్ని నేను ఆఖరి అస్త్రంగానే ఉంచుకున్నాను.

సౌండ్‌ఫాంటు సైజు కూడా చూసుకోవాలి. ఎక్కువమంది వాడే ఫ్లూయిడ్ ఆర్3 దాదాపు 140 ఎంబీ. పై-3కు ఒక జీబీ ఉంది కాబట్టి పర్వాలేదు. జీరో 2 డబ్ల్యూకు ఉన్నదే 512 ఎంబీ. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ పోను మిగిలిన దాంట్లో పెద్ద ఫాంటు పెడితే ఊపిరి ఆడదు. మీకు కావాల్సిన పది వాయిద్యాలు మాత్రమే ఉన్న చిన్న ఫాంటు చేసుకోవడం ఒక మధ్యాహ్నం పని, పాలీఫోన్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది.

జిన్, యోషిమి వాడేవాళ్లకు ఒక కిటుకు చెప్తాను. వాటిలో యాడ్, సబ్, ప్యాడ్ అని మూడు యంత్రాలు ఉంటాయి. యాడ్ ప్రతి క్షణం లెక్కలు చేస్తుంది. ప్యాడ్ మాత్రం శబ్దాన్ని ముందే వండి పెట్టుకుని తర్వాత వడ్డిస్తుంది. శబ్దం మార్చినప్పుడు కాసేపు ఆగాలి, వాయించేటప్పుడు ప్రాసెసర్ మీద బరువు తక్కువ. పాట వెనక పరుచుకునే నిండు శబ్దాలకు ప్యాడ్ ఎంచుకోండి. శృతి కోసమైతే సింథ్‌నే వాడకండి. తంబురా ఒక నిమిషం రికార్డు పెట్టి తిప్పుతూ ఉంటే చాలు, రాత్రంతా మోగే శబ్దానికి రాత్రంతా లెక్కలు చేయించడం దండగ.

మధ్యలో దళారులు

సింథ్‌కు, సౌండ్ కార్డుకు మధ్య ఎవరు ఉండాలనేది తర్వాతి ప్రశ్న. ఒక్క సింథ్ నడిపేవాళ్లకు ఎవరూ అక్కర్లేదు, నేరుగా ఆల్సాకు, అంటే లినక్స్‌లో సౌండ్ కార్డును నడిపే భాగానికి, ఇచ్చేయండి. రెండు సింథ్‌లు, మధ్యలో ఎఫెక్టులు కలపాలంటే జాక్ అనే ప్రోగ్రాం కావాలి. ఇలాంటి పనే చేసే పైప్‌వైర్ కూడా ఉంది, దాని మీద నాకు కోపమేమీ లేదు. 2023లో బుక్‌వర్మ్ వెర్షన్ వచ్చినప్పటి నుంచి రాస్ప్‌బెర్రీ పై డెస్క్‌టాప్‌లో అదే ఉంది, ఇంట్లో నేర్చుకునేవాళ్లకు హాయిగా సరిపోతుంది. స్టేజీకి పోయే బోర్డులో మాత్రం డెస్క్‌టాపే ఉండకూడదు. తెర లేని చోట తెర గీసే పని ఎందుకు? లైట్ వెర్షన్ వేసి, కరెంటు ఇవ్వగానే సింథ్ దానంతట అదే మొదలయ్యేలా పెట్టుకోండి.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. ప్రాసెసర్ వాడకం నలభై శాతమే చూపిస్తోంది, అయినా చిటపట ఎందుకని అడుగుతారు. నలభై అనేది సగటు. మేస్త్రీకి సగటుతో పనిలేదు, ఈ క్షణం తట్ట వచ్చిందా లేదా అన్నదే లెక్క. గంటలో ఒక్కసారి వైఫై లేచి వెతుకులాట మొదలుపెట్టినా, మెమరీ కార్డు మీద ఏదో రాసుకుంటూ కూర్చున్నా ఆ ఒక్కసారే టిక్కుమంటుంది. అందుకే స్టేజీ మీద వైఫై, బ్లూటూత్ ఆపేయాలి. ఖాళీగా ఉన్నప్పుడు పై-3, పై-4 ప్రాసెసర్లు 600 మెగాహెర్ట్జ్‌కు దిగి, పని పడగానే మళ్లీ లేస్తాయి. పాట మొదటి స్వరం దగ్గర ఆ లేచే సమయంలోనే తడబాటు. ఈ స్పీడును నిర్ణయించే గవర్నర్ అనే సెట్టింగును పెర్ఫార్మెన్స్‌కు మారిస్తే ఎప్పుడూ మెలకువగా ఉంటుంది. సింథ్‌కు రియల్‌టైమ్ ప్రాధాన్యం ఇవ్వడం, జ్ఞాపకశక్తిలో దాని చోటు కదలకుండా బిగించడం కూడా ఉచితమే.

రియల్‌టైమ్ కెర్నల్ (కెర్నల్ అంటే లినక్స్ గుండెకాయ) వేయాలా? ఇరవై ఏళ్లుగా విడిగా ప్యాచ్‌లాగా తిరిగిన ఆ పని 2024లో లినక్స్ 6.12తో అసలు కెర్నల్‌లో కలిసింది, కాబట్టి ఇదివరకంత తలనొప్పి లేదు. 128వి మూడు తట్టలతో నడుస్తూ అప్పుడప్పుడు టిక్కుమనే వాళ్లకు పనికొస్తుంది. 256తో హాయిగా నడిచేవాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు. అది మిల్లర్ స్పీడు పెంచదు, మధ్యలో ఎవరూ అడ్డం రాకుండా చూస్తుంది అంతే. ఈ సెట్టింగులన్నీ ఒక్కొక్కటిగా చేసే ఓపిక లేకపోతే ప్యాచ్‌బాక్స్ ఓఎస్ అన్నీ సర్ది పెట్టి ఇస్తుంది. జింథియన్ ఇంకో అడుగు ముందుకు పోయి బోర్డును పూర్తి వాయిద్యంగానే మార్చేస్తుంది. నేను చేతులతో చేసుకున్నాను, నేర్చుకుందామని. తొందరలో ఉన్నవాళ్లకు ఆ దారి చెప్పను.

ఎండ, కరెంటు

బయటి దేశాల సలహాల్లో ఈ భాగం రెండు వాక్యాల్లో అయిపోతుంది. మనకు అలా కుదరదు. మే నెలలో నల్లగొండలో నలభై నాలుగు డిగ్రీలు మామూలే, రేకుల షెడ్డు కింద ఇంకా ఎక్కువ. పై-3, పై-4 చిప్పులు 80 డిగ్రీలు తాకగానే తమంతట తామే స్పీడు తగ్గించుకుంటాయి. పై-3 బి ప్లస్ అయితే 60 దగ్గరే 1.4 గిగాహెర్ట్జ్ నుంచి 1.2కు దిగుతుంది. చలికాలంలో పాలమూరు మన్యంకొండ దగ్గర రాత్రంతా నడిచిన బోర్డు ఎండాకాలం పెళ్లి పందిట్లో అరగంటకే టిక్కుమంటే బోర్డు చెడిపోయినట్టు కాదు. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బా తీసేసి, చిప్ మీద మందపాటి అల్యూమినియం హీట్‌సింక్ పెట్టండి. పై-4కు మొత్తం లోహపు డబ్బానే హీట్‌సింక్‌గా పనిచేసేది వస్తుంది, నాకు ఫ్యాన్ కంటే అదే ఇష్టం. మైకుల పక్కన ఫ్యాన్ బుర్రుమంటే ఎవరికి బాగుంటుంది? పై-5కు మాత్రం ఫ్యాన్ ఉంటేనే మేలు.

కరెంటు సంగతి నాకు దెబ్బ తగిలి తెలిసింది. ఒక షాపులో కొన్న ఫోన్ ఛార్జర్‌తో నెల రోజులు నడిపాను, మధ్యమధ్యలో చిటపట వస్తే సింథ్ సెట్టింగులు మార్చుకుంటూ కూర్చున్నాను. తప్పంతా ఛార్జర్‌ది, ఇంకా చెప్పాలంటే దాని సన్నటి పొడుగు తీగది. వోల్టేజీ 4.63 కంటే దిగితే బోర్డు దాన్ని గుర్తుపెట్టుకుని స్పీడు తగ్గిస్తుంది. టెర్మినల్‌లో vcgencmd get_throttled అని అడిగితే చెప్పేస్తుంది. సున్నా వస్తే క్షేమం. ఇంకేదైనా అంకె వస్తే కరెంటో వేడో దెబ్బతీసిందని. ఆన్ చేసినప్పటి నుంచి ఒక్కసారి జరిగినా అందులో మిగిలి ఉంటుంది కాబట్టి కచేరీ అయ్యాక అడిగినా సరే. ఏ సెట్టింగు ముట్టుకునే ముందైనా మొదట చేయాల్సింది ఈ పరీక్షే. నేను చివర చేశాను. పై-3కు రెండున్నర ఆంపియర్లు, పై-4కు మూడు, పై-5కు అయిదు ఆంపియర్ల అసలు ఛార్జర్ వాడండి. పై-5కు మూడు ఆంపియర్లదే ఇస్తే యూఎస్‌బీ రంధ్రాలన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లే వదులుతుంది. కీబోర్డు, సౌండ్ కార్డు రెండూ తగిలిస్తే ఇరుకవుతుంది.

జాతర్లలో జనరేటర్ మారేటప్పుడు కరెంటు ఒక్క క్షణం పోయి వస్తుంది. రాసుకుంటున్న మెమరీ కార్డు ఆ దెబ్బకు పాడవుతుంది. బోర్డు సెట్టింగుల ప్రోగ్రాం రాస్పి కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయదు, ప్లగ్ పీకినా ఏం కాదు. కార్డు మీద రాతలు ఆగడం వల్ల టిక్కులు కూడా ఒకటిరెండు తగ్గుతాయి, అది కొసరు.

ఇక బోర్డు మార్చాలా?

ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే అప్పుడు మార్చండి. మార్చేటప్పుడు కోర్ల (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే పనివాళ్ల) సంఖ్య చూసి మోసపోవద్దు. పై-3కూ నాలుగే, పై-5కూ నాలుగే. ఒక సింథ్ లెక్కలు చాలావరకు ఒకే కోరు మీద నడుస్తాయి, మిగతా మూడు చూస్తూ నిలబడతాయి. ఫ్లూయిడ్‌సింథ్‌లో పని పంచే సెట్టింగు ఒకటి ఉంది, అన్ని సింథ్‌లకూ లేదు. కాబట్టి చూడాల్సింది ఒక్కో కోరు బలం. జీరో 2 డబ్ల్యూ, పై-3 రెండిట్లో ఉన్నది ఏ53 రకం కోరు. పై-4లో ఏ72, పై-5లో ఏ76, అదీ 2.4 గిగాహెర్ట్జ్ మీద. ఏ53 నుంచి ఏ72కు పోవడమే నిజంగా చేతికి తెలిసే మార్పు. భజన మండలికి, ఊరి ఆర్కెస్ట్రాకు సెకండ్‌హ్యాండ్ 2 జీబీ పై-4 దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. జిన్‌తో నాలుగైదు పొరల శబ్దాలు కట్టేవాళ్లకు, సర్జ్ లాంటి బరువైన సింథ్‌లు నడిపేవాళ్లకు పై-5. జీరో 2 డబ్ల్యూ చిన్న ఫాంటుతో ఒకే వాయిద్యానికి, అంతే.

ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మూలన పడి ఉంటే మాత్రం ఏమీ కొనకండి. చాలా పాత ల్యాప్‌టాప్‌లు కూడా పై-3 కంటే గట్టివే, కరెంటు పోతే బ్యాటరీ ఉంటుంది. చేతిలో ఇమిడే డబ్బా, తెర లేకుండా స్విచ్ వేయగానే మోగడం కావాలనుకునేవాళ్లకే ఈ బోర్డుల గోల.

మా కాక ఇప్పటికీ ఆ పై-3 మీదే వాయిస్తున్నాడు. ఐ2ఎస్ కార్డు, అసలు ఛార్జర్, హీట్‌సింక్, మోకాలి పక్కన చిన్న బాక్సు. మొదట పెట్టింది 128వి మూడు తట్టలు, పాలిఫోనీ 64. చెర్వుగట్టు జాతరకు తీసుకుపోయే ముందు మధ్యాహ్నం రెండింటికి మా ఇంటి రేకుల కింద పెట్టి, పెడల్ తొక్కిపెట్టి పదివేళ్లతో అరగంట వాయించమన్నాను. "గింత ఎండల ఎవరన్న వాయిస్తరా కొడుకా" అని తిట్టుకుంటూనే వాయించాడు. రెండుసార్లు టిక్కుమంది. తట్టను 256కు పెంచాను.